శిలలును చెఱువులును

సోమందేపల్లెకు దక్షిణముననున్న లేపాక్షి వీరభద్రాలయమును చూచినవారెల్లరు శిల్పులను కొనియాడుదురు. వ్యయమునుగూర్చి యడుగువారు అరుదు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు దీనిని కట్టించిరి. కోశాధికారియగు విరూపణ్ణ అనుమతి లేక రాజధనమును వెచ్చించెననియు, ఆ నింద పైబడగా తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెననియు జనశ్రుతి. కల్యాణమంటపము నేటికిని అసంపూర్ణముగనే యున్నది. ఈ కథ చరిత్ర కాకపోవచ్చును. కాని బొక్కసమునకు లెక్క చెప్పవలెనను ధర్మబుద్ధిని మన పూర్వులు దీనియందు భద్రపఱచిరి.

ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది కాదు. ఐవరీకోస్టు అధ్యక్షుడు హూఫే బ్వాన్యీ తన జన్మగ్రామమైన యామూసుక్రోలో కట్టించిన క్రైస్తవ మహాదేవాలయము 1990లో ప్రతిష్ఠింపబడెను. సెనెగల్ రాజధాని డాకర్‌లో 49 మీటర్ల కంచువిగ్రహమును 2010లో ఆవిష్కరించినపుడు, పేదల కూటి మాట యేమని జనులు వీథుల కెక్కిరి.

వానలు కొఱవడిన మన సీమకు విజయనగర ప్రభువులు శిలలనే కాక చెఱువులనుగూడ విడిచిపోయిరి. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము పేరే అందుకు సాక్షి. శిల్పము వలదనుట నా మతము కాదు. అది కన్నులకు విందు. చెఱువు కడుపునకు కూడు. క్రొత్త విగ్రహమునకు చందా వేయుటకు ముందు, మన యూరి చెఱువులో పూడిక యెంత పేరుకొన్నదో గట్టెక్కి చూచి వత్తము గాక.