మార్లవాయి మట్టిలో ఇద్దరు

మార్లవాయి పేరు చెప్పగానే మన పిల్లలకు ప్రొఫెసర్ హైమన్‌డార్ఫ్ గుర్తొస్తారు. పక్కనే ఉన్న సమాధి ఎవరిదని అడిగితే ‘ఆయన భార్యది’ అని ఊరుకుంటారు. చాలా పుస్తకాలు కూడా బెట్టీ ఎలిజబెత్ గురించి అంతకు మించి చెప్పవు. ఆదివాసీ టీచర్లుగా మేము ఈ చరిత్రను ఇద్దరి చరిత్రగా చెప్పదలిచాం. వాళ్ల పెళ్లయిన కొద్దికాలానికే పెద్ద దెబ్బ తగిలింది. అయినా ఆ బంధం 49 ఏళ్లు నిలిచింది. అది గట్టిపడింది మన గూడేల్లోనే.

క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. 1936, 37లలో నాగా కొండల్లో కోన్యాక్ నాగాల మధ్య ఏడాదికి పైగా ఉండి పరిశోధన చేశారు. యూరప్ తిరిగి వెళ్లాక, 1938లో బెట్టీ బర్నార్డో అనే ఇంగ్లీషు యువతిని పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో ఆస్ట్రియా పౌరుల చేతికి జర్మనీ పాస్‌పోర్టు వచ్చింది. 1939లో ఆయన మళ్లీ భారతదేశం వచ్చారు. ఆ సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

ఇప్పుడు ఆ జంట పరిస్థితి చూడండి. భర్త చేతిలో శత్రుదేశం పాస్‌పోర్టు. భార్య పుట్టిన దేశం ఆ శత్రువుతోనే యుద్ధం చేస్తున్నది. విదేశీయుణ్ణి పెళ్లాడి అతని జాతీయత పొందిన స్త్రీకి బ్రిటిష్ జాతీయత పోయేలా ఆనాటి బ్రిటిష్ చట్టం ఉండేది. వియన్నాకు దారి మూసుకుపోయింది. జర్మన్లను, ఆస్ట్రియన్లను ఎంతోమందిని అప్పటి ప్రభుత్వం డెహ్రాడూన్ వంటి చోట్ల ముళ్లకంచెల మధ్య ఉంచింది. హైమన్‌డార్ఫ్‌ను అలాంటి శిబిరంలో పెట్టలేదు. నిజాం రాజ్యం దాటి వెళ్లకూడదన్న కట్టడితో హైదరాబాద్ సంస్థానంలో ఉండనిచ్చారు, పరిశోధన చేసుకోనిచ్చారు. అయినా కట్టడి కట్టడే.

ఆ కట్టడిలోనే వాళ్ల కొత్త కాపురం సాగింది. 1940లో నల్లమలలో చెంచుల మధ్య, తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత ఆదిలాబాద్‌లో మన రాజ్‌గోండుల మధ్య. బెట్టీ ఈ పనిలో మొదటి నుంచీ పాలుపంచుకున్నారు. 1979లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గోండుల పుస్తకం మీద సహరచనకు గుర్తుగా ఆమె పేరు కూడా ఉంది.

వాళ్లను మార్లవాయి తెచ్చింది మాత్రం వాళ్ల బాధ కాదు, మన బాధ. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన అనుచరులు పోలీసు తుపాకులకు నేలకొరిగారు. భూమి, అడవి ఎందుకు చేజారుతున్నాయో, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి ఆ రక్తం చూశాకే తోచింది. భీం పోరాటం లేనిదే హైమన్‌డార్ఫ్ నివేదికలు లేవు. ఈ వరుసను టీచర్లు తరగతిలో తారుమారు చేయకూడదు.

ఆ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని ఊరివాళ్లతో కలిసి బతికారు. 1943లో అక్కడ గోండు యువకులకు టీచర్ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఈ రోజు ట్రైనింగ్ పూర్తిచేసి బడుల్లో పాఠాలు చెబుతున్న మాలాంటివాళ్ల దారి అక్కడే మొదలైంది. తమ కొడుకుకు వాళ్లు మార్లవాయి పెద్ద లచ్చు పటేల్ పేరు కూడా పెట్టుకున్నారు.

తర్వాత ఆయన లండన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అయినా ఇద్దరూ మళ్లీ మళ్లీ వచ్చారు. పట్టాలు వచ్చిన భూములు కూడా గోండుల చేతుల్లోంచి జారిపోవడం చూశారు, ఆ సంగతి రాశారు. 1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలో ఖననం చేశారు. మన పెళ్లి అంటే రెండు సగల సంబంధం, చావు వచ్చినా సగ వాళ్లే ముందు నిలబడాలి. నాలుగు సగల్లో ఏదీ కాని బెట్టీని మార్లవాయి తన మనిషిగా మట్టిలో కలుపుకుంది. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించారు. 2012లో ఆయన చితాభస్మం మార్లవాయి చేరింది, ఆమె పక్కనే. యుద్ధం కూడా విడదీయలేని ఆ ఇద్దరినీ చావు పాతికేళ్లు దూరం చేసింది.

ఇప్పుడు మన యువతీయువకులు జైనూర్, ఉట్నూర్ దాటి హైదరాబాద్ పోతున్నారు. కోకాపేటలో, గచ్చిబౌలిలో అద్దాల మేడల మధ్య పని వెతుక్కుంటున్నారు. అక్కడ ప్రేమలు తొందరగా పుడతాయి. పని పోవడం, ఇంటివాళ్లు కాదనడం, కులం పేరుతో అవమానం వంటి దెబ్బలు కూడా తొందరగానే తగులుతాయి. తొందరగా పుట్టిన ప్రేమ అంతా నిలవదని పెద్దలు అంటారు. అన్నీ నిలవవు, నిజమే. అయితే బెట్టీ చరిత్ర మాకు ఒక సంగతి చెబుతున్నది. దెబ్బ తగిలినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోలేదు. ఇద్దరికీ ఒక పని ఉంది, చుట్టూ ఒక ఊరు ఉంది. నగరంలో ఒంటరిగా నలిగిపోతున్న జంటకు ఆ ఊరు కావలసింది మనమే. తలుపు మూయకముందు పెద్దలు ఈ మాట ఆలోచించాలి.

టీచర్లకు మా మనవి ఒక్కటే. ఏటా జనవరి 11న మార్లవాయిలో వర్ధంతి జరుగుతుంది. ఆ రోజు బడిలో రెండు పేర్లూ చెప్పండి. ముందుగా బెట్టీ పేరు చెప్పండి. ఆ మట్టిలోకి ముందు వచ్చింది ఆమే.