దూరపు ప్రార్థన, దగ్గరి నర్సు

1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక సూటి ప్రశ్న వేశారు. ఇంగ్లండు చర్చిల్లో జనమంతా రాజకుటుంబం ఆయురారోగ్యాల కోసం వారం వారం ప్రార్థిస్తున్నారు. మరి రాజకుటుంబాలవాళ్లు మిగతా కలవారి కంటే ఎక్కువకాలం బతకాలి కదా? చనిపోయిన వయసులు పోగేసి చూస్తే, కలవారందరిలోకీ తక్కువ బతికింది వాళ్లే. దీన్ని ప్రయోగం అనలేం, పైగా ఇందులో వెటకారం పాలు కూడా ఉంది. అయినా కంటికి కనబడని సాయాన్ని ఫలితాన్ని బట్టి తూచవచ్చునన్న ఆలోచన అలా పుట్టి, దాదాపు వందేళ్లకు క్యాన్సర్ వార్డు దాకా వచ్చింది.

1969లో అమెరికాలో ప్లాటన్ కొలిప్ అనే పిల్లల డాక్టరు బ్లడ్ క్యాన్సర్ ఉన్న 18 మంది పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పదిమంది పేర్లు దూరాన ఉన్న ఒక ప్రార్థనా బృందానికి పంపారు. ఆ సంగతి పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. 15 నెలలకు ఆ పదిమందిలో ఏడుగురు బతికున్నారు, మిగతా ఎనిమిదిమందిలో ఇద్దరే మిగిలారు. వినగానే ఒళ్లు జలదరించే లెక్క. అయితే ఆ ఎనిమిదిమందిలో ఇద్దరికి వచ్చింది మైలాయిడ్ రకం. ఆ రోజుల్లో దాని నుంచి పిల్లలు బయటపడటం మరీ కష్టం. ఇంత చిన్న గుంపులో ఇద్దరు అటూ ఇటూ అయినా లెక్క తారుమారవుతుంది. తర్వాత వచ్చిన చాలా ‘విజయాల’ను పట్టి పీడించిందీ ఈ చిన్న గుంపు జబ్బే.

1970ల నుంచి మాట మారింది. దేవుడున్న చోటికి ‘శక్తి’ వచ్చి కూర్చుంది. జపాన్‌లో మికావో ఉసుయి 1922లో మొదలుపెట్టిన రేకీ అమెరికాలో వ్యాపించింది. 1972లో నర్సింగ్ ప్రొఫెసర్ డోలరెస్ క్రీగర్, డోరా కుంజ్ కలిసి ‘థెరప్యూటిక్ టచ్’ తెచ్చారు. పేరుకు స్పర్శే గానీ, చేతులు రోగి ఒంటికి కొన్ని అంగుళాల ఎత్తున తిరుగుతాయి. మన ఊళ్లలో శిబిరాలు పెట్టే ప్రాణిక్ హీలింగ్ ఋషుల నాటి నుంచి వస్తున్నదని నమ్మేవాళ్లున్నారు. దానికి ఇప్పటి రూపమిచ్చి 1987లో పుస్తకం రాసింది ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సూయి. ఏ పరికరమూ పట్టని ఈ శక్తిని హీలర్ చేతులు పసిగడతాయన్నది వాదన. ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ల అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు కోసం దాన్ని పరీక్షకు పెట్టింది. తెర కింది నుంచి థెరప్యూటిక్ టచ్ హీలర్లు రెండు చేతులూ చాచాలి. వాటిలో ఒకదానిపైన ఎమిలీ తన చెయ్యి పెడుతుంది. ఏ చేతి మీదో వాళ్లు చెప్పాలి. 21 మంది, 280 సార్లు. 123 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా 140 దాకా వచ్చేవి! 1998లో అది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయింది.

అదే ఏడాది ఎలిజబెత్ టార్గ్ అధ్యయనం వెలువడింది. ఆమె సైకియాట్రిస్టు. తండ్రి రస్సెల్ టార్గ్ మనసుతో దూరాన్ని చూడటం మీద ప్రయోగాలు చేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆమె 40 మంది ఎయిడ్స్ రోగులను తీసుకుని, సగంమంది ఫొటోలు, పేర్లు హీలర్లకు పంపారు. క్రైస్తవులు, యూదులు, బౌద్ధులు, ఆదివాసీ వైద్యులు ఎక్కడివాళ్లక్కడే ఉండి రోజుకు గంట, వారానికి ఆరు రోజులు, పది వారాలు ధ్యానం చేశారు. వాళ్ల సాయం అందినవారికి ఎయిడ్స్‌తో వచ్చే కొత్త జబ్బులు తగ్గాయని, ఆసుపత్రిలో ఉన్న రోజులూ తగ్గాయని నివేదిక. దాంతో పెద్ద అధ్యయనాలకు ప్రభుత్వ నిధులు వచ్చాయి. వాటిలో ఒకటి గ్లియోబ్లాస్టోమా అనే ప్రాణాంతకమైన మెదడు కణితి మీద.

2002లో ఆ కణితే టార్గ్‌కు వచ్చింది. ఎక్కడెక్కడి హీలర్లో ఆమె కోసం కూర్చున్నారు. జులైలో, 40 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు. దీన్ని రుజువుగా చూపించి ఎగతాళి చేసినవాళ్లున్నారు, అది అన్యాయం. ఒక్కరి చావు ఏ సిద్ధాంతాన్నీ తేల్చదు. తేల్చింది వేరే సంగతి. అసలు ఆ ఎయిడ్స్ అధ్యయనం కొలవాలనుకున్నది మరణాలను. ఈలోగా మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చి, 40 మందిలో ఒక్కరే చనిపోయారు. ఎవరు ఏ గుంపో కోడ్ విప్పాక, మరణాలు వదిలి మిగతా జబ్బుల లెక్క తీశారని పో బ్రాన్సన్ అనే రచయిత ఆ ఏడాది చివర ‘వైర్డ్’ పత్రికలో బయటపెట్టారు. బాణం గుచ్చుకున్నాక దాని చుట్టూ గురి గీయడం ఇది. 156 మందితో మళ్లీ చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తేడా ఏమీ కనబడలేదు.

అదే ఏడాది హెర్బర్ట్ బెన్సన్ అనే డాక్టరు బృందం 1,802 మంది గుండె బైపాస్ రోగుల ఫలితాలు ప్రకటించింది. తమకోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివారిలో, ప్రార్థన ఉన్నవాళ్లలో 52 శాతానికి, లేనివాళ్లలో 51 శాతానికి సమస్యలు వచ్చాయి. ప్రార్థిస్తున్నారని ముందే తెలిసినవాళ్లలో 59 శాతానికి! ‘నా పరిస్థితి అంత బాగోలేదా?’ అని వాళ్లు కంగారుపడి ఉంటారన్నది ఒక ఊహ.

ఆ తర్వాత క్యాన్సర్ పరిశోధకులు దూరాన్ని వదిలి మంచం పక్కకు వచ్చారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో పనికొచ్చే అధ్యయనం 2011 నాటిది. కీమో ఎక్కించుకుంటున్న 189 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నిజమైన రేకీ, ఇంకో గుంపుకు రేకీలా కనిపించే ఉత్తుత్తి రేకీ, మూడో గుంపుకు మామూలు చికిత్స. మామూలు చికిత్స వాళ్లకంటే మొదటి రెండు గుంపులూ హాయిగా ఉన్నామన్నాయి. అసలుకూ నకిలీకీ తేడా లేదు. సెలైన్ సీసా కింద గంటల తరబడి పడుకున్న మనిషికి, ఆ కాసేపు తన పక్కనే, తనకోసమే ఒక నర్సు ఉండటమే పనిచేసిందని పరిశోధకులు రాశారు. మరుసటి ఏడాది రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న 76 మంది మీద చేసిన పరీక్షలోనూ అలసట తగ్గించడంలో నిజం హీలింగ్, నటన హీలింగ్ ఒకేలా తేలాయి. కార్టిసాల్ హార్మోన్ తీరులో మాత్రం తేడా కనిపించింది. సమర్థించేవాళ్లు దాన్నే పట్టుకున్నారు. 76 మందిలో ఒక హార్మోన్ మీద అంత బరువు మోపడం నాకు సబబనిపించదు.

‘అనుబంధ చికిత్సే కదా, నష్టమేముంది?’ అనేవాళ్లకు 2018లో యేల్ పరిశోధకులు ఒక లెక్క చూపించారు. రకరకాల అనుబంధ చికిత్సలు వాడినవాళ్లలో ఆపరేషన్, కీమో, రేడియేషన్, హార్మోన్ చికిత్సల్లో ఏదో ఒకటి వద్దన్నవాళ్లు ఎక్కువమంది. చనిపోయే ముప్పు కూడా రెట్టింపు. ముప్పు అనుబంధ చికిత్సతో కాదు, వద్దనుకున్న మందుతో వచ్చిందని వాళ్లు తేల్చారు. మన దేశంలో 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్ నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధించింది. తాయెత్తులు, మంత్రాలు కూడా దాని పరిధిలోకే వస్తాయి.