కారవాన్ విద్యుత్ ప్యానెల్ శీతలీకరణ

కారవాన్ విద్యుత్ ప్యానెల్ శీతలీకరణ అనగా, నివాస వసతి గల మోటారు వాహనంలో విద్యుత్తును వివిధ ఉపకరణాలకు పంచే ప్యానెల్‌ను వేసవి ప్రయాణాలలో సురక్షితమైన ఉష్ణోగ్రతలో ఉంచే విధానం. ఇటువంటి వాహనాన్ని పాశ్చాత్య దేశాలలో మోటారుహోమ్ అంటారు. తెలుగువారికి ఇది సినిమా చిత్రీకరణల వలన "కారవాన్" అనే పేరుతో పరిచితమైనది. 1982లో నందమూరి తారక రామారావు ఎన్నికల ప్రచారానికి వాడిన చైతన్యరథం, ఒక పాత షెవర్లే వ్యానును ఈ అవసరాలకు తగినట్లు మార్చి తయారుచేసిన వాహనమే. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది.

ప్యానెల్ వేడెక్కడం వలన ఎంసీబీలు మాటిమాటికీ ట్రిప్ కావడం, తీగల తొడుగు పెళుసుబారడం, తీవ్రమైన సందర్భాలలో నిప్పు అంటుకోవడం జరుగుతాయి. వాహనంలో మనుషులు నిద్రిస్తారు కనుక ఇది ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

ప్యానెల్‌లోని భాగాలు

కారవాన్‌లో సాధారణంగా రెండు విద్యుత్ వ్యవస్థలు ఉంటాయి. మొదటిది బ్యాటరీ నుండి వచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. దీపాలు, నీటి పంపు, చిన్న పంకాలు దీనిపై పనిచేస్తాయి. రెండవది బయటి ప్లగ్గు, జనరేటరు లేదా ఇన్వర్టర్ నుండి లభించే ఏకాంతర విద్యుత్తు. భారతదేశంలో ఇది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఏసీ, ఇండక్షన్ పొయ్యి, మిక్సీ వంటివి దీనిపై నడుస్తాయి. ఎంసీబీలు, ఫ్యూజులు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ ప్యానెల్‌లో ఉంటాయి. చాలా వాహనాలలో బ్యాటరీ ఛార్జరు, ఇన్వర్టర్ కూడా అదే అరలోగాని, దాని పక్కనగాని అమర్చబడి ఉంటాయి.

వేడి పుట్టే విధానం

విద్యుత్తు ప్రవహించే వాహకంలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికీ, నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. దీనిని జౌల్ నియమం అంటారు. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. స్క్రూ వదులై ఒక కనెక్షన్ వద్ద 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుంటే, 16 ఆంపియర్ల ప్రవాహానికి ఆ ఒక్కచోటనే సుమారు 25 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌లో పుట్టే వేడి కూడా ఇంచుమించు ఇంతే. వాహనపు కుదుపులకు స్క్రూలు వదులవుతాయి కాబట్టి ఇళ్ళకంటే కారవాన్‌లలో ఈ లోపం ఎక్కువ.

ఇన్వర్టర్ మరొక ప్రధాన ఉష్ణకారకం. 90 శాతం దక్షత గల ఇన్వర్టర్ 1200 వాట్లు అందించినప్పుడు బ్యాటరీ నుండి సుమారు 110 ఆంపియర్లు తీసుకుంటుంది. అందులో 130 వాట్లకు పైగా వేడిగా మారుతుంది.

పరిసర ఉష్ణోగ్రత ప్రభావం

ఇళ్ళలో వాడే ఎంసీబీల సామర్థ్యాన్ని అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 30 డిగ్రీల సెల్సియస్ వద్ద నిర్ణయిస్తారు. లోపలి ద్విలోహపు పట్టీ వేడికి వంగి స్విచ్చిని విడిపిస్తుంది. అర అప్పటికే వేడిగా ఉంటే ఆ పట్టీ తక్కువ ప్రవాహానికే వంగుతుంది. అందువలన 50 డిగ్రీల వేడిలో 16 ఆంపియర్ల ఎంసీబీ సుమారు 14 ఆంపియర్ల ఎంసీబీ వలె ప్రవర్తించవచ్చు. కచ్చితమైన విలువ తయారీదారును బట్టి మారుతుంది.

ఉదాహరణకు 1500 వాట్ల ఏసీ, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 500 వాట్ల మిక్సీ ఒకేసారి పనిచేస్తే మొత్తం ప్రవాహం సుమారు 17.4 ఆంపియర్లు. ఉదయపు చల్లదనంలో 16 ఆంపియర్ల ఎంసీబీ దీనిని కొంతసేపు భరించవచ్చు. మధ్యాహ్నం అదే భారానికి ట్రిప్ అవుతుంది. ఇది ఎంసీబీ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. భారం తగ్గించమనే హెచ్చరిక.

పీవీసీ తొడుగు గల తీగలు 70 డిగ్రీల వరకు మాత్రమే తట్టుకుంటాయి. 30 డిగ్రీల వద్ద ఉండే ప్రవాహ సామర్థ్యంలో 40 డిగ్రీల వద్ద 87 శాతం, 50 డిగ్రీల వద్ద 71 శాతం మాత్రమే మిగులుతుంది.

నెల్లూరు తీర ప్రాంతపు పరిస్థితులు

బుచ్చిరెడ్డిపాలెం నెల్లూరు నగరానికి వాయవ్యంగా, నెల్లూరు-ముంబై రహదారిపై ఉన్నది. ఇక్కడి నుండి సముద్రం సుమారు 30 కిలోమీటర్ల దూరం. మే నెలలో పడమటి గాలి బలంగా వీచినప్పుడు సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కొక్కరోజు రానే రాదు. రోహిణి కార్తెలో వడగాలులకు ఇదే ముఖ్యకారణం. 2015 మే నెలలో వడగాలుల వలన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. అటువంటి రోజులలో ఎండలో నిలిపిన మూసిన వాహనం లోపలి వేడి బయటికంటే చాలా ఎక్కువగా ఉంటుంది.

ఈ అక్షాంశం వద్ద ఏప్రిల్ నెలాఖరున మధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. ఆ తరువాత ఆగస్టు రెండవ వారం వరకు మధ్యాహ్నవేళ కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. కావున రోహిణి కార్తెలో వాహనపు ఉత్తర భాగం నీడగా ఉంటుందనుకోవడం పొరపాటు. మధ్యాహ్నం తరువాత ప్యానెల్ ఉన్న వైపు తూర్పుకుగాని, దక్షిణానికిగాని ఉండేట్లు వాహనాన్ని నిలపడం మేలు. అయితే ఎండ ఎక్కువగా పడేది పైకప్పు మీదనే కాబట్టి చెట్టు నీడ అన్నిటికంటే ఉత్తమం.

మైపాడు, కృష్ణపట్నం వంటి తీర గ్రామాలలో మరొక సమస్య ఉన్నది. ఉప్పుగాలికి రాగి కనెక్షన్లు చిలుము పట్టి, ఇనుప స్క్రూలు తుప్పు పట్టి నిరోధం పెరుగుతుంది. అందుచేత ప్యానెల్ అరకు సముద్రం వైపు నుండి నేరుగా గాలి వచ్చే రంధ్రం పెట్టరాదు. తగరపు పూత గల లగ్గులు వాడటం మంచిది.

చల్లబరచే పద్ధతులు

* భారాన్ని తగ్గించడం: ఏసీ నడిచేటప్పుడు ఇండక్షన్ పొయ్యి, గీజరు వాడకుండా ఉండటం మొదటి మార్గం. వంటను ఉదయమే ముగించుకోవచ్చు.
* కనెక్షన్లు బిగించడం: ప్రతి వేసవికి ముందు అర్హుడైన ఎలక్ట్రీషియన్ చేత, తయారీదారు సూచించిన బిగింపు మేరకు స్క్రూలను సరిచూపించాలి. అంతకుముందు బయటి ప్లగ్గు తీసి, జనరేటరు, ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీని విడదీయాలి. సౌర ఫలకాలు ఎండలో విద్యుత్తు ఇస్తూనే ఉంటాయి కనుక వాటినీ విడదీయాలి.
* గాలి ప్రసరణ: వేడిగాలి పైకి పోతుంది కాబట్టి అరకు క్రింద ప్రవేశ రంధ్రం, పైన నిర్గమ రంధ్రం ఉండాలి. అరలో దుప్పట్లు, సంచులు కుక్కరాదు.
* పంకా: సుమారు 40 డిగ్రీల వద్ద తనంతట తాను తిరిగే 12 వోల్టుల చిన్న పంకా అమర్చవచ్చు. నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి 130 వాట్ల వేడిని తీసుకుపోతే, ఆ గాలి సుమారు 7 డిగ్రీలు వేడెక్కుతుంది. పంకా తాను పీల్చే గాలికంటే ప్యానెల్‌ను చల్లబరచలేదు. బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ నడిచే గది లోపలి గాలినే ప్యానెల్‌కు పంపాలి.
* ఇన్వర్టర్‌ను వేరుచేయడం: వీలైతే ఇన్వర్టర్‌ను ప్యానెల్‌కు క్రింద కాక వేరే అరలో ఉంచాలి.
* బయటి తీగ: చుట్టగా ఉన్న ఎక్స్‌టెన్షన్ తీగలో వేడి బయటికి పోలేదు. దానిని పూర్తిగా విప్పి వాడాలి. వోల్టేజి బాగా తగ్గినప్పుడు పాత తరహా ఏసీ కంప్రెసర్ ఎక్కువ ప్రవాహం తీసుకుంటుంది. అప్పుడు దానిని ఆపివేయడం క్షేమం.

తెలుగు ఇళ్ళలో వేసవికి వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లడం పాత అలవాటు. పొడి పడమటి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది. కానీ తడి తడకలను, తడి గోనెలను ప్యానెల్ దగ్గర ఉంచితే విద్యుదాఘాతం కలిగే ప్రమాదం ఉంది.

ఉష్ణోగ్రతను కొలవడం

పరారుణ ఉష్ణమాపకంతో ప్యానెల్‌ను తాకకుండానే వేడిని కొలవవచ్చు. మెరిసే లోహపు పట్టీలపై ఇది అసలుకంటే తక్కువ చూపుతుంది. ఎంసీబీల ప్లాస్టిక్ ముఖాన్ని కొలిస్తే ఫలితం నమ్మదగినది. ఒకే భారం గల రెండు ఎంసీబీలలో ఒకటి గణనీయంగా వేడిగా ఉంటే అక్కడ కనెక్షన్ వదులై ఉండవచ్చు. కాలిన వాసన, రంగు మారిన ప్లాస్టిక్, చిటపట శబ్దం ప్రమాద సూచనలు.

చేయకూడని పనులు

* ట్రిప్ అయిన ఎంసీబీని వెంటనే మరల వేయరాదు. భారం తగ్గించి, చల్లబడిన తరువాత వేయాలి. మళ్ళీ ట్రిప్ అయితే కారణం తెలిసేవరకు వాడరాదు.
* 16 ఆంపియర్ల ఎంసీబీ స్థానంలో 25 లేదా 32 ఆంపియర్లది పెట్టరాదు. అప్పుడు ఎంసీబీ నిలిచి ఉంటుంది, తీగ కాలుతుంది.
* ఫ్యూజులో మందపాటి రాగితీగ చుట్టరాదు.

అగ్నిప్రమాద జాగ్రత్తలు

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సు దగ్ధమై 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు వద్ద మరో బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు మరణించారు. ఈ రెండింటికీ మూలం విద్యుత్ ప్యానెల్ కాదు. కానీ నిద్రలో ఉన్నవారికి వాహనం నుండి బయటపడేందుకు ఎంత తక్కువ సమయం ఉంటుందో ఇవి తెలుపుతున్నాయి. అందుచేత కారవాన్‌లో పొగను పసిగట్టే అలారం, లోపలి నుండి తెరుచుకునే రెండవ ద్వారం లేదా కిటికీ, పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండరు ఉండాలి. ప్యానెల్ నుండి పొగ వస్తే ముందుగా అందరినీ బయటికి పంపి, ప్రమాదం లేకుండా చేరగలిగితే సరఫరాను ఆపి, 101కు ఫోన్ చేయాలి. విద్యుత్ మంటలపై నీళ్ళు పోయరాదు.

ఇవి కూడా చూడండి

* జౌల్ నియమం
* ఫ్యూజు
* ఇన్వర్టర్
* వడదెబ్బ
* బుచ్చిరెడ్డిపాలెం