హాట్ రాడ్ రోడ్‌స్టర్: పాత ఫోర్డు కారు మీద కారీగర్ల చేతిపని

పాత కారు అనగానే మనలో చాలామందికి హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది. అలాంటి వింటేజ్ కార్ల విలువ అసలు రూపం చెడకుండా ఉండటంలో ఉంటుంది. హాట్ రాడ్ సంగతి పూర్తిగా ఉల్టా. అక్కడ పాత కారును కోస్తారు, బరువు తగ్గిస్తారు, కిందికి దించుతారు, ఇంజిన్‌కు బలం పెంచుతారు. ఎంత మార్చారు, ఎంత నీటుగా మార్చారు అన్నదాన్ని బట్టే దానికి పేరొస్తుంది. ఈ పని పుట్టింది అమెరికాలోని కాలిఫోర్నియాలో. చేసినవాళ్లలో ఎక్కువమంది జేబులో పెద్దగా డబ్బులేని కుర్రాళ్లు.

రోడ్‌స్టర్ అంటే ఏమిటి?

ఇద్దరు కూర్చునే ఓపెన్ కారు ఇది. పైన గట్టి టాప్ ఉండదు, మడతపెట్టే గుడ్డ కప్పు మాత్రమే. తలుపులకు ఎక్కించి దించే అద్దాలు కూడా ఉండవు. ఆ రోజుల్లో కంపెనీలు అమ్మే కార్లలో ఇది చవక రకం, బరువు కూడా తక్కువ. వేగం కావాలనుకునేవాళ్లకు ఈ రెండూ కలిసొచ్చాయి.

1932 ఫోర్డుకే అంత గిరాకీ ఎందుకు?

1932లో ఫోర్డు కంపెనీ మామూలు జనం కొనగలిగే కారులో వీ-8 ఇంజిన్ పెట్టింది. అంతకుముందున్న మోడల్-ఏ కారుకు 4 సిలిండర్లు, 40 హార్స్‌పవర్. కొత్త ఇంజిన్‌కు 8 సిలిండర్లు, 65 హార్స్‌పవర్. సైజు 221 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు. ఇంజిన్ బ్లాకును ఒకే ముక్కగా పోతపోయడం వల్ల ఖర్చు తగ్గింది. వీ-8 రోడ్‌స్టర్ ధర 460 డాలర్లకే మొదలైంది. కొన్నేళ్లు గడిచేసరికి ఇవే కార్లు సెకండ్ హ్యాండ్‌లో, తుక్కు యార్డుల్లో ఇంకా చవకగా దొరికాయి.

అందానికి ఇంకో కారణం ఉంది. ఈ మోడల్‌లో చాసీ పక్క పట్టీలు బయటికి కనిపిస్తాయి. వాటి మీద బాడీ వంపుకు సరిపోయేలా ఒక గీత అచ్చుగుద్ది ఉంటుంది. అందుకే మడ్‌గార్డులు పీకేసినా కారు బోసిగా కనిపించదు. 1932లోని చివరి అంకెను బట్టి దీన్ని ముద్దుగా ‘డ్యూస్’ అని పిలుస్తారు.

ఎండిన సరస్సుల మీద పందేలు

కాలిఫోర్నియా ఎడారిలో మురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సులున్నాయి. నేల బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది. కుర్రాళ్లు అక్కడికి కార్లు తోలుకెళ్లి వేగం కొలుచుకునేవారు. ఇష్టమొచ్చినట్టు నడిపితే ప్రాణాలు పోతాయని 1937లో క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైన్యం నుంచి తిరిగొచ్చిన యువకులతో ఈ సరదా బాగా పెరిగింది. దాంతోపాటే ఊళ్లలో రోడ్ల మీద రేసులూ పెరిగాయి. హాట్ రాడ్ కుర్రాడు అంటే రౌడీ అనే పేరు పడింది.

ఆ పేరు పోగొట్టుకోవడానికి వాళ్లు కష్టపడ్డారు. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రిక మొదలుపెట్టారు. దాని ఎడిటర్‌గా పనిచేసిన వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. రేసు చేయాలంటే రోడ్డు వదిలి, తనిఖీ జరిగే మైదానానికి రావాలన్నది వాళ్ల మాట.

షెడ్డులో జరిగే పని

మొదట చాసీ. ఫోర్డు చాసీ పట్టీలు ఒక పక్క తెరిచి ఉంటాయి. ఇంజిన్ బలం పెంచితే అవి మెలి తిరుగుతాయి. అందుకే తెరిచిన పక్కన ఉక్కు పట్టీ వెల్డింగ్ చేసి డబ్బాలా మూస్తారు. కారు ముందు భాగం దించడానికి ముందు ఇరుసును కాల్చి, రెండు చివర్లను పైకి సాగదీసి వంచుతారు. కొలత కొంచెం తేడా వచ్చినా స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది.

తర్వాత బ్రేకులు. 1938 దాకా ఫోర్డు కార్లకు రాడ్లతో పనిచేసే మెకానికల్ బ్రేకులే. 1939లో హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. తెలివైనవాళ్లు ఆ తర్వాతి కార్ల నుంచి హైడ్రాలిక్ బ్రేకులు తీసి 1932 కారుకు బిగించుకున్నారు. అదే 1939 మోడల్ గేరుబాక్సుకు కూడా మంచి గిరాకీ ఉండేది.

ఇంజిన్‌లో చేసేది గాలి, పెట్రోలు బాగా లోపలికి పంపి, పొగ త్వరగా బయటికి పంపడం. ఒక కార్బురేటర్ ఉన్నచోట రెండో మూడో పెడతారు. సిలిండర్లను లేత్ షాపులో బోరింగ్ చేయించి పెద్దవి చేస్తారు. కంప్రెషన్ పెంచే అల్యూమినియం హెడ్లు, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ షాఫ్టు వేస్తారు. ఈ ఇంజిన్‌కు ఒక జబ్బుంది. పొగ వెళ్లే దారులు బ్లాకు లోపలి నుంచే పోతాయి కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. మంచి రేడియేటర్ లేకపోతే ఈ ఖర్చంతా దండగ.

చివరికి బాడీ. పాత రేకు తుప్పుపట్టిన చోట కోసి కొత్త ముక్క అతకాలి. రేకు వెనుక ఇనుప దిమ్మె పెట్టి, ముందు నుంచి సుత్తితో కొడుతూ సమం చేయాలి. మన దగ్గర డెంటింగ్ ఉస్తాదులు చేసేది కూడా ఇదే. అతుకుల మీద అప్పట్లో పుట్టీ బదులు సీసం కలిసిన లోహాన్ని కరిగించి, చెక్క తెడ్డుతో పూసి, ఆకురాయితో అరగదీసేవారు. ఆ సీసం పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే విషం. బాడీని చాసీ మీద ఇంకా కిందికి దించాలంటే నేల రేకు కోసి మళ్లీ అతికిస్తారు. ముందు అద్దం ఎత్తు కూడా తగ్గిస్తారు.

పేరు తెచ్చుకున్న 3 కార్లు

బాబ్ మెక్‌గీ 1932 రోడ్‌స్టర్ 1948 అక్టోబర్ ‘హాట్ రాడ్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. తలుపు బందులు బయటికి కనిపించకుండా లోపల దాచడం దాని ప్రత్యేకత.

1950లో ఓక్లాండ్ ఎగ్జిబిషన్‌లో ‘అమెరికాలో అత్యంత అందమైన రోడ్‌స్టర్’ అవార్డు మొదలైంది. మొదటి విజేత బిల్ నీకాంప్. ఆయన కారు 1929 మోడల్-ఏ బాడీతో తయారైంది. దాన్ని షోకేసులో పెట్టి ఊరుకోలేదు, ఎండిన సరస్సు మీద కూడా పరుగెత్తించారు.

మూడోది డోన్ స్పెన్సర్ 1932 రోడ్‌స్టర్. 1997లో పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో హాట్ రాడ్లకు మొదటిసారి చోటిచ్చారు. ఆ విభాగంలో గెలిచింది ఈ కారే. కోట్ల రూపాయల కార్ల పక్కన తుక్కు యార్డు చదువు చదివిన కారు నిలబడటం చిన్న విషయం కాదు.

కొత్త రేకుతో పాత కారు

ఇప్పుడు అసలు 1932 బాడీలు దొరకడం కష్టం. ఒహాయోలోని బ్రూక్‌విల్ రోడ్‌స్టర్ అనే కంపెనీ అదే ఆకారంలో కొత్త ఉక్కు బాడీలు తయారుచేస్తోంది. ఫైబర్ గ్లాస్ బాడీలూ ఉన్నాయి. ఇవి తప్పేమీ కాదు. కానీ అసలు బాడీ అని చెప్పి కొత్తది అంటగడితే అది మోసం. అందుకే తెలిసినవాళ్లు పెయింటు మెరుపు చూసి డబ్బివ్వరు. తలుపు చుట్టూ సందు ఒకే వెడల్పులో ఉందా, కింద వెల్డింగ్ నీటుగా ఉందా, బ్రేకు పైపులు వేడి తగలకుండా కట్టారా, చాసీ నంబరు కాగితాలతో కలుస్తుందా అని చూస్తారు.

మన దగ్గర చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఇలాంటి మార్పులు ఇష్టం వచ్చినట్టు చేయడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజిన్ మార్చాలన్నా ముందు ఆర్టీఓ అనుమతి కావాలి. అనుమతి లేని మార్పు ఉంటే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా గొడవ రావచ్చు.

ఇంట్లో కుర్రాడు బైకు సైలెన్సర్ మార్పిస్తా, హ్యాండిల్ కోయిస్తా అని పట్టుబడితే అతనికి ఈ కార్ల కథ చెప్పొచ్చు. అంత వేగం పిచ్చి ఉన్న కాలిఫోర్నియా కుర్రాళ్లు కూడా ఇంజిన్ బలంతోపాటు చాసీకి పట్టీ వేశారు, బ్రేకులు మార్చారు, రేసుకు రోడ్డు వదిలి మైదానానికి వెళ్లారు. చేతిపని మీద నిజంగా ఇష్టముంటే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్, వెల్డర్, టర్నర్ కోర్సులున్నాయి. మంచి ఉస్తాద్ దగ్గర రెండేళ్లు రేకు పని నేర్చుకున్నా అది జీవితాంతం అన్నం పెడుతుంది.