స్థూలకాయము - వంశగుణము



మా గ్రామపు బడిలో స్థూలకాయుడగు బాలుడొకడు నాతో చదువుచుండెడివాడు. వానిని మేమందరము తిండిపోతని యెగతాళి చేసెడివారము. అందు నేనే ముందుండెడివాడను. వాని తండ్రియు నట్టి దేహము కలవాడే. అయినను ఆ సంగతి మాకు తోచలేదు. నేడు చెప్పబోవు చరిత్ర నా తప్పును నాకు తెలియజేసినది.

1949వ సంవత్సరమున అమెరికాలో, మెయిన్ రాష్ట్రమునందలి జాక్సన్ ప్రయోగశాలలో కొన్ని చిట్టెలుకలు తోడివానికంటె మితిమీరి బలిసినవి. ఆ గుణము తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించిననే బయటపడునని తేలినది. తరువాత అచ్చటనే డగ్లస్ కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు, బలిసిన యెలుకకును మామూలు యెలుకకును రక్తము కలియునట్లు దేహములను జోడించెను. అంతట బలిసినది మేత తగ్గించినది; దాని బరువు పెరుగుట మందగించినది. “ఇక చాలు” నని మెదడునకు తెలుపు పదార్థమేదో రక్తమున కలదనియు, దానికి అదియే కొరతయనియు ఆయన నిర్ణయించెను.

1986లో డెన్మార్కునందు 540 మంది దత్తులను పరిశీలించిరి. పెరిగి పెద్దవారైన పిదప వారి దేహపుష్టి కన్నవారిని పోలినది గాని, అన్నము పెట్టి పెంచినవారిని పోలలేదు.

1994లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము ఆ యెలుకల జన్యువును కనుగొనెను. దానివలన కలుగు పదార్థమునకు లెప్టిన్ అని పేరిడిరి. గ్రీకుభాషలో ‘లెప్టోస్’ అనగా సన్ననిది. ఇది ముఖ్యముగా కొవ్వునందు పుట్టి రక్తముద్వారా మెదడును చేరును. 1997లో కేంబ్రిడ్జి వైద్యులు ఈ పదార్థము లోపించిన యిరువురు పిల్లలను గూర్చి ప్రకటించిరి. ఎంత తిన్నను వారికి ఆకలి తీరదు. తరువాత లెప్టిన్ సూదిమందుగా నీయగా ఆకలి శాంతించి బరువు తగ్గినది. వారిని తిండిపోతులని నిందించిన నేమి ఫలము?

అట్టివారు మిక్కిలి అరుదు. సామాన్యులయందు అనేక జన్యువులు కొంచెము కొంచెముగా పనిచేయును. విత్తు ఒక్కటే పంటను నిర్ణయింపదు; నేలయు నీరును కావలయును. రెండు మూడు తరములలో జన్యువులు మారవు, కాని మన తిండియు పనియు మారినవి. కావున మితాహారము, శ్రమ బిడ్డలకు నేర్పవలసినదే.

పెద్దలారా, మీ యింట బొద్దుగానున్న బిడ్డను మందలించుటకు ముందు వాని తాతముత్తాతల రూపములను తలచుకొనుడు. అవమానము ఔషధము కాదు. నా సహాధ్యాయునితో ఈ మాట చెప్పవలెననుకొంటిని. వాడు నేడు లేడు. మీకు చెప్పుచున్నాను.