కడపటివాళ్లు ఎవరు? మన వాడల్లో బైబిల్ వైరుధ్యాలు

బైబిల్లో తిరకాసు మాటలు చాలా ఉన్నాయి. వెనకవాళ్లు ముందుకొస్తారు. తగ్గించుకున్నవాడే హెచ్చుతాడు. ప్రాణం పోగొట్టుకున్నవాడికే అది దక్కుతుంది. వేదాంత పండితులు వీటిని ఆత్మ సంబంధమైన మర్మాలుగా వివరిస్తారు. మాల మాదిగ వాడలు వీటిని వేరే తీరుగా చదివాయి. ఆ చదువుకి ఒక చరిత్ర ఉంది. అది చూడకుండా 'బియ్యం కోసం మతం మారారు' అని తేల్చేయడం చదువుకున్నవాళ్లకు అలవాటైపోయింది.

పల్నాడుకి లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లో గురజాల వచ్చాడు. నరసరావుపేట, వినుకొండల్లోని బాప్టిస్టు సంఘాల మూలాలు మాత్రం పొరుగున ఉన్న ఒంగోలు మిషన్‌లో ఉన్నాయి. అసలు కథ అక్కడే మొదలైంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. తనవాళ్లను వెంటపెట్టుకొచ్చాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని ఒంగోలు అగ్రవర్ణాలవాళ్లు మిషనరీ క్లౌకి చెప్పేశారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. అది మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయం. జ్ఞానులను సిగ్గుపరచడానికి దేవుడు లోకం నీచంగా చూసేవాళ్లను ఎన్నుకున్నాడని అక్కడ ఉంది. 1914లో వెలువడిన తన ఆత్మకథలో క్లౌ ఈ సంగతి చెప్పాడు.

సంఘాల్లో దీన్ని దేవుడి నడిపింపుగా చెబుతారు. మేము ఇంకో సంగతి గుర్తు చేస్తాం. ఆ వాక్యం పద్దెనిమిది వందల ఏళ్లుగా ఆ పుస్తకంలోనే ఉంది. గుమ్మం ముందు మాదిగలు నిలబడ్డాకే దాని అర్థం తేలింది. క్లౌని తేల్చుకోక తప్పని స్థితికి తెచ్చింది పేరయ్య, ఆయనవాళ్లు.

అదే బైబిల్లో దాసులు యజమానులకు లోబడాలని ఎఫెసీయుల పత్రిక చెబుతుంది. దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదని గలతీయుల పత్రిక చెబుతుంది. మరి వెట్టి మాదిగ ఏది పట్టుకున్నాడు? ఆదివారం పని మానాడు. చచ్చిన గొడ్డు మాంసం మానాడు. జాతరలో డప్పు కొట్టనన్నాడు. ఊరి పెత్తందార్లకు పత్రికలు చదవాల్సిన పని లేకపోయింది. డప్పు ఆగిపోగానే వాళ్లకు విషయం అర్థమైంది, వేధింపులు మొదలయ్యాయి.

ఇక బియ్యం మాట. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి పని చూపించాడు. దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య వచ్చింది కరువుకి పదేళ్ల ముందు. ఈ తేదీలు పక్కన పెడితేనే 'బియ్యం క్రైస్తవులు' అనే మాట నిలబడుతుంది.

అయితే సంఘాలను కూడా అడగాలి. మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే బంతిన కూర్చోబెట్టాడని పల్నాటి కథ చెబుతుంది. ప్రభువు బల్ల కూడా అట్టాంటిదే గదా. మరి ఈ ప్రాంతంలో లూథరన్ సంఘాల్లో మాలలు, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువగా ఉండి, రెండు బల్లలు ఎందుకయ్యాయి? వినుకొండలో యాదవ తండ్రికీ మాదిగ తల్లికీ 1895లో పుట్టిన జాషువా క్రైస్తవుడైనా అంటరానివాడిగానే బతికాడు. 'గబ్బిలం' రాసిన ఆయనే 'క్రీస్తు చరిత్ర' రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

రాజ్యం ఇంకో తిరకాసు పెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-సి, వాటా ఒక్క శాతం. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ ఈ హోదా ఇవ్వాలని తీర్మానించి కేంద్రానికి పంపింది. ఊళ్లో మాదిగ, కాగితం మీద కాదు. కొరింథీయుల పత్రికలోని మాట మనవాళ్లకు తలెత్తుకునే ధైర్యమిచ్చింది. ఈ ఉత్తర్వు అట్టా తలెత్తినందుకు శిక్ష వేస్తోంది. దీన్ని మర్మమని వదిలేయడానికి లేదు. మనుషులు రాసిన ఉత్తర్వు ఇది, మనుషులే మార్చాలి.