నానమ్మ దండలో యుద్ధం



పోయిన ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్లో ఒక బల్ల మీద పాత సామాన్లు పెట్టాం. సొరబుర్ర, విల్లు, నానమ్మల రూపాయల దండలు, పిల్లల మొలతాడుకు కట్టిన చిల్లు కానీలు. పక్కన చీటీ మీద "పురాతన నాణేలు" అని రాసి ఊరుకున్నాం. వచ్చినవాళ్లు "ఎప్పటివి? ఎందుకు చిల్లు?" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. సిగ్గేసింది. ఆ తర్వాతే వాటి మీది అంకెలు చదివాం. 1940, 1943, 1944. అంటే చాలావరకు రెండో ప్రపంచ యుద్ధం నాటివి!

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన కొండల్లోకి మాత్రం యుద్ధం సంత చిల్లర రూపంలో వచ్చింది.

ముందు చిల్లు కానీ సంగతి. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానీలు. పాత కానీ దాదాపు 5 గ్రాముల కంచు. యుద్ధానికి రాగి కావాల్సి వచ్చింది. అందుకే 1943 నుంచి నడుమ పెద్ద చిల్లుతో, 2 గ్రాముల లోపు బరువుతో కానీలు పోశారు. దాని మీద రాజు తల లేదు, కిరీటమే ఉంది. సర్కారు లోహం మిగుల్చుకోవడానికి పెట్టిన చిల్లు మనవాళ్లకు దారం ఎక్కించుకోవడానికి పనికొచ్చింది. నికెల్ కూడా కరువైంది కాబట్టి 1942 నుంచి అర్ధణా, అణా, బేడ పసుపు రంగు ఇత్తడిలో వచ్చాయి.

ఇక రూపాయి. బరువు ఎప్పుడూ 11.66 గ్రాములే. పాతదాంట్లో 12 పాళ్లలో 11 పాళ్లు వెండి, అంటే 10 గ్రాములకు పైనే. 1940లో దాన్ని సగానికి దించారు, 6 గ్రాముల లోపు. అదే ఏడు కాగితం రూపాయి నోటు మళ్లీ తెచ్చారు. 1941 నుంచి 1943 మధ్య పాత వెండి రూపాయలు చెల్లవని దశలవారీగా ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు ఖజానాకు పోకుండా మిగిలినవే మన దండల్లో ఉన్నవి.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు సంవత్సరం చూడండి. అంకె అరిగిపోతే అంచు చూడండి. పాత రూపాయి అంచుకు నిలువు గీతలే ఉంటాయి. సగం వెండి రూపాయికి ఆ గీతల నడుమ చుట్టూ సన్నని గాడి ఉంటుంది. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మాలో ఒకరి ఇంట్లో కాలేజీ ఫీజు కోసం దండ అమ్మారు. కొన్నాయన మొత్తం తూకం వేసి, అన్నిటికీ సగం వెండి ధరే కట్టాడు. అందులో విక్టోరియా రాణి రూపాయలు కూడా ఉన్నాయి. చదవడం వచ్చిన మేము అప్పుడు పక్కనే ఉన్నాం. నోరు విప్పలేదు, తెలియదు కాబట్టి. ఆ ఫీజుతోనే చదువుకుంటున్నాం, అందుకే ఎక్కువ బాధ.

ఈసారి బల్ల వేరేగా పెడతాం. చింతపండు, బూడిద వేసి తోమం; మెరుపు వస్తుంది గానీ అక్షరాలు అరిగిపోతాయి. దారం తెంపం, అతికించిన కొక్కేలు ఊడదీయం. కొక్కెం ఉంటే సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారు. మనకు మాత్రం ఆ కొక్కెమే చరిత్ర, ఎవరో మెడలో వేసుకున్నారని చెప్పేది అదే. తెల్ల నూలుగుడ్డ పరిచి, రెండు వైపులా ఫొటో తీసి పక్కన పెడతాం. సాయంత్రానికి ఎవరి వస్తువు వాళ్ల ఇంటికి చేరుస్తాం.

చీటీ మీద సంవత్సరం, లోహం, బరువు రాస్తాం. పైన మాత్రం వేసుకున్న నానమ్మ పేరు, ఊరు పేరు రాస్తాం. రాజు పేరు నాణెం మీద ఎలాగూ ఉంది.

మీ ఇళ్లలో దండ ఉంటే ఈ సెలవుల్లో నానమ్మ పక్కన కూర్చుని ఒక్కో నాణెం చదవండి. అమ్మాలా వద్దా అన్నది ఇంటివాళ్ల అవసరం, వాళ్ల ఇష్టం. కానీ తెలియక అమ్మకూడదు.